ఉత్తుత్తి ఫిర్యాదు

జైలోసి మామ ఇంకా గొంతు సవరించుకోనైనా లేదు, అప్పుడే ఎనిఫాకు ఎడమకాలు తిమ్మిరెక్కింది. చాప మీద కాళ్లు బారజాపి, నడుముకు చుట్టిన చితెంజే గుడ్డను మడమల దాకా లాక్కుని, తల కాస్త వంచి కూర్చోవాలి. మొగుడి మీద ఫిర్యాదు తెచ్చిన ఆడది కూర్చునే తీరు అది. మాట్లాడే తీరంటూ ఏదీ లేదు, ఎందుకంటే మాట్లాడకూడదు. పెళ్లినాడు ఈ కాపురానికి పూచీ పడ్డ మేనమామలిద్దరూ, ఆమె తరఫున జైలోసి మామ, లింబాని తరఫున వైసన్ మామ, వాళ్లే మాట్లాడతారు. మొగుడూ పెళ్లామూ తమ సంగతులు తామే మొదటిసారి వింటున్నట్టు వినాలి, చివర్లో పేరుపెట్టి అడిగితే ఒక్క ముక్క అనాలి, అదీ "పెద్దలు చెప్పినట్టే" అని. రోజూ నూట ముప్ఫై ఎనిమిది మంది పిల్లల ముందు గొంతు చించుకునే టీచరమ్మకు ఇది శిక్షలా ఉండాలి కానీ, నిజం చెప్పొద్దూ, ఎనిఫాకు హాయిగానే ఉంది. ఎవరూ ఏమీ అడగని ఒక గంట. ఇంట్లో ఏడాదిగా ఇట్లాంటి గంట దొరకలేదు. ఇది అమ్మ ఇంటి వసారా, అవతల తేయాకు తోటల మీద మూడు రోజులుగా వదలని చిపెరోని జల్లు, అది వానా కాదు మంచూ కాదు, జూన్ నెలంతా చోలో కొండల్ని అంటిపెట్టుకునే ఉంటుంది. వెనక వంటపాకలో చెల్లెలు పచ్చి కందికాయలు ఉడకేసింది, ఆ వాసన. ఆ వాసనలోంచే యాంఖో గొంతు, మదాలో ఏడుపు, మళ్లీ యాంఖో గొంతు. పెద్దది యాంఖో ఏడేళ్లది, చిన్నది మదాలో రెండేళ్లది, వాళ్లను కూడా ఇప్పుడు ఇంకెవరో చూసుకుంటున్నారు. తిమ్మిరి సంగతంటావా, ఎక్కనీ, అదే దిగుతుంది.

ఎదురుగా చెక్క కుర్చీలో లింబాని. నిన్న పొద్దున ఎక్కిన డ్యూటీ ఇవాళ పొద్దున దిగి, మొహమన్నా సరిగా కడుక్కోకుండా బ్లాంటైర్‌లో మినీబస్సెక్కి తిన్నగా వచ్చినవాడు, బూటు మీద ఇంకా మందు మరక ఉంది. డాక్టరయి ఆరేళ్లయింది, సర్జన్ కావడానికి నాలుగేళ్ల శిక్షణలో ఇది రెండో ఏడు. నిలబడి నిద్రపోవడం, కళ్లు తెరుచుకుని నిద్రపోవడం, జవాబు చెబుతూ నిద్రపోవడం, ఈ మూడు విద్యలూ మొదటి ఏడే వచ్చేశాయి. ఇప్పుడు తల నిటారుగానే ఉంది, రెప్పలు మాత్రం కోళ్ల గంప మూతలా ఒక పక్కన దిగుతూ మళ్లీ లేస్తున్నాయి. నిద్రపోకు, నిద్రపోకురా నాయనా, అనుకుంది ఎనిఫా, నిద్రపోయావంటే ఫిర్యాదు ఇంకొకటి పెరుగుతుంది, అసలే మనం మూడే అనుకున్నాం. నవ్వొచ్చింది. తల మరికాస్త వంచింది. పక్క చాప మీది నుంచి అమ్మ ఆమె వీపు నిమిరింది, కూతురు ఏడుస్తోందనుకుని.

ఎందుకంటే ఈ ఫిర్యాదు ఉత్తుత్తిది. అది మొగుడికీ పెళ్లానికీ తప్ప ఈ వసారాలో ఎవరికీ తెలియదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం, బ్లాంటైర్ పట్నం చిలోబ్వే పేటలో వాళ్ల అద్దె ఇంట్లో, పిల్లలు పడుకున్న వేళ, వంటింటి మెట్టు మీద పక్కపక్కన కూర్చుని ఇద్దరూ కలిసి రాసినది. ఆ ఆదివారానికి ముందు శనివారం లింబాని ఏదో ఫోన్ నంబరు రాసుకోవడానికి కాగితం ముక్క వెతుకుతూ ఆమె గణితం పుస్తకం తెరిచాడు, లోపల చీటీ దొరికింది. ఏప్రిల్ నెల చీటీ. నల్లబల్ల దగ్గర కళ్లు తిరిగి సుద్దముక్క జారవిడిచిన రోజు, బడి పక్క క్లినిక్‌లో రాసిచ్చింది: రక్తపోటు నూట అరవై, కింద నూరు, నెలలోపు మళ్లీ చూపించుకోవలెను. ఆమెకు ముప్ఫై ఒకటి. ఆ చీటీని ఎనిఫా పేజీ గుర్తుగా వాడుకుంటోంది. లింబాని దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు, వెనకవైపు ఇంకా ఏమన్నా రాసి ఉంటుందేమోనన్నట్టు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "చెబుదామనే అనుకున్నా. నువ్వు దొరికితేగా," అంది. ఆ మాట తిట్టులా అనలేదు, దుకాణంలో ఉప్పు లేదని చెప్పినంత మామూలుగా అంది, అందుకే అతనికి ఎక్కువ తగిలినట్టుంది. ఆమె తన బ్యాగ్‌లోంచి మాత్రలు తీసి చూపించింది, వేసుకుంటూనే ఉన్నా, బతుకుతాలే, అని. బతకాలనే ఉంది ఎనిఫాకు. బతకడమే కాదు, ఇంకో తొమ్మిది రోజుల్లో మొదలయ్యే ఆరు పేపర్లు రాసి, పగ తీర్చుకున్నట్టు ప్యాసయి, రెండో తరగతి వదిలి పెద్ద బడిలో గణితం చెప్పాలని ఉంది. నాలుగేళ్లుగా సెలవుల్లో, శనివారాల్లో కాలేజీకి తిరిగిన డిగ్రీ. నాలుగు కాదు, ఐదు. నిరుడు ఇదే పరీక్ష రాయలేకపోయిన ఏడుతో కలిపి ఐదు.

నిరుడు ములాంజేలో వైసన్ మామ అన్నగారు పోయాడు. లింబాని ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు, వెళ్లకపోతే మాట, ఆ మాట పదేళ్లు ఉంటుంది: డాక్టరు తన వాళ్లను మట్టి చేయడానికి రాలేదు, రేపు అతని శవం దగ్గరికి ఎవరు వస్తారు. అందుకని ఎనిఫా వెళ్లింది. మొగుడి బదులు ఏడవడానికి, మొగుడి బదులు చావింటి చాప మీద మిగతా ఆడవాళ్లతో పడుకోవడానికి, నాలుగు రోజులు. బుధవారం పేపరు. మంగళవారం సాయంత్రం ఎలాగైనా బయలుదేరాలని లేచేసరికి నడుం దగ్గర చితెంజే మడతలో దాచుకున్న నోట్సు జారి శవపేటిక ముందర పడింది. పది మంది ముక్కున వేలేసుకున్నారు. "చావింటికి పుస్తకమా!" ఇక లేచి వెళ్లేది ఎట్లా, మళ్లీ కూర్చుంది, కూర్చుని నిజంగానే ఏడ్చింది, పోయినాయన కోసం అనుకుని అందరూ మెచ్చుకున్నారు. చావులొక్కటేనా. డాక్టరు కొనుక్కున్న ఇల్లు కాదు, అద్దె ఇల్లు, రెండు గదులు, అయినా ఆసుపత్రికి వచ్చే చోలో వాళ్లందరికీ, ములాంజే వాళ్లందరికీ అదే సత్రం. రోగిని వార్డులో పడుకోబెడతారు, రోగికి వండి పెట్టాల్సినవాళ్లూ బట్టలుతకాల్సినవాళ్లూ డాక్టరు ఇంట్లో పడుకుంటారు. బడి నుంచి వచ్చేసరికే లోపల ఎవరో ఒకరు ఉంటారు, పొయ్యి మీద ఆమె కుండలో నీళ్లు మరుగుతుంటాయి, "రా అమ్మా రా, అలసిపోయావు" అని తన ఇంట్లోకి తననే ఆహ్వానిస్తారు. చెడ్డవాళ్లు కాదు ఎవరూ. అదే చిక్కు. మార్చిలో అత్తగారు ఎలూబీ, గొంతు దగ్గర గడ్డ ఉన్న తన చెల్లెలిని వెంటబెట్టుకొచ్చి ఆరు వారాలు ఉంది, ఇల్లూడ్చింది, మదాలోకి నూనె రాసి స్నానం చేయించింది, ఎనిఫా పుస్తకం తెరిచినప్పుడల్లా పక్కన చేరి, పాపం ఒంటరిగా కూర్చుందని, ఊళ్లో కబుర్లన్నీ చెప్పింది. అట్లాంటి మనిషిని రావద్దనేదెట్లా? అంటే డాక్టరుకి కొమ్ములొచ్చాయంటారు, టీచరమ్మకు తోకొచ్చిందంటారు.

అప్పుడు మెట్టు మీద లింబానికి వచ్చింది ఆలోచన. చుట్టాల మీద ఫిర్యాదు చేసే దారి మన వాళ్లలో లేదు కదా. మొగుడి మీద ఉంది. మేనమామల్ని కూర్చోబెట్టి మొగుడు సరిగా చూసుకోవడం లేదని చెప్పు, వాళ్లే తీర్పిస్తారు, నెల రోజులు ఆ ఇంటిని వాళ్ల మానాన వదలండి, మొగుడూ పెళ్లామూ సర్దుకోనివ్వండి అని. పెద్దలు చెప్పాక ఎవడూ నోరెత్తడు, మన మీదికి మాట రాదు. "తప్పంతా నా మీద పెట్టు. రోజూ ప్రొఫెసరుతో తిట్లు తినేవాడికి మీ జైలోసి మామ ఒక లెక్కా?" ఎనిఫా అతని వంక చూసి, ఈ బుర్రను కోతలకు తాకట్టు పెట్టాడు కానీ రాజకీయాల్లోకి వెళ్లాల్సింది అనుకుంది. ఇద్దరూ పాత పరీక్ష దరఖాస్తు వెనక రాశారు. ఒకటి, ఇంట్లో వండిన న్సిమా సంకటి ముట్టడు. రెండు, భార్య మొహం చూడడు. "బాగుంది, బాగుంది, రాయి," అని తొడ చరుచుకున్నాడు లింబాని. మూడోది దొరకలేదు. రెండే అయితే బరువుండదు, మూడుండాలి. ఆలోచించి ఆలోచించి ఎనిఫాయే అంది: "కూతురు ఏ తరగతో కూడా తెలియదు." అతను వెల్లకిలా పడి నవ్వాడు. "ఇది మరీ అన్యాయం! ఎవరు నమ్ముతారు?" నమ్ముతారులే, అని రాసేసింది. లోపల మదాలో లేచేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఎన్ని నెలల తర్వాతో అంత నవ్వింది.

"మా అమ్మాయి చెప్పుకున్నదేమంటే..." జైలోసి మామ మొదలుపెట్టాడు. కోటు వేసుకొచ్చాడు, చలికి కొంత, సభకు కొంత. ఆయనకు చదువు రాదు కానీ కాగితంలో ఉన్నదంతా ఒకసారి చదివించుకుని గుండెలో పెట్టుకున్నాడు, ఇప్పుడు దాన్ని తన మాటల్లో, తన నెమ్మదిలో బయటికి తీస్తున్నాడు. "మా పిల్ల పొద్దున చీకటితో లేచి న్సిమా వండుద్ది. పళ్లెం మీద పళ్లెం బోర్లిస్తది. ఆ పళ్లెం సాయంత్రం దాకా ఎవుళ్లూ ఎత్తరు. ఎత్తి చూస్తే అది గట్టిపడి రాయైపోయుంటది. మళ్లీ తెల్లారి వండుద్ది. అది ఎవరి కోసం వండుద్ది, వైసన్ బావా?" ఎనిఫా తల వంచుకునే వింటోంది, కాగితంలో 'ముట్టడు' అని ఒక్కటే ఉంది, పళ్లెం మీద పళ్లెం లేదు, ఈయనకెట్లా తెలిసింది. అవును, బోర్లిస్తుంది. అవును, సాయంత్రం దాన్ని ఎత్తి వచ్చిన వాళ్లకు వేడిచేసి పెడుతుంది. ఒక రోజు ఎత్తకుండానే కడిగేసింది. ఆ రోజు ఆమెకేమీ అనిపించలేదు, ఇప్పుడు ఎవరి కథో విన్నట్టు వింటుంటే ఆ పళ్లెం బోర్లించిన ఆడదాని మీద జాలేసింది, ఆ తర్వాత ఆ ఆడది తనేనని గుర్తొచ్చింది. ఉత్తుత్తిదే కదా, అని తనకు తాను చెప్పుకుంది. పేపరు రెండులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే వస్తుంది: ఒక గీత సున్నాకు ఇవతల మొదలై అవతల తేలిందంటే, మధ్యలో ఎక్కడా తెగకుండా సాగిందంటే, ఎక్కడో ఒకచోట సున్నాను దాటి తీరాలి, నిరూపించుము. నిరూపణ వచ్చు, కళ్లు మూసుకుని రాస్తుంది. ఎక్కడ దాటిందో మాత్రం ఆ సిద్ధాంతం చెప్పదు, దాటిందని మాత్రమే చెబుతుంది. మెట్టు మీద అబద్ధంగా మొదలైంది, ఇక్కడికి వచ్చేసరికి నిజంగా తేలుతోంది, మరి ఎక్కడ దాటినట్టు, బస్సులోనా, కొండ మలుపులోనా, ఇప్పుడే ఈ పళ్లెం దగ్గరా?

రెండో ఫిర్యాదుకు వైసన్ మామ ఒంటికాలి మీద లేచాడు. సన్నటి మనిషి, తేయాకు ఫ్యాక్టరీలో తూకం దగ్గర ముప్ఫై ఏళ్లు చేసి అందరినీ దొంగలనే అనుకునే అలవాటు. "మొహం చూడడంటే? మా వాడు రోజుకు ఎంతమంది మొహాలు చూస్తాడో మీకు తెలుసా? పేగులు బయటపడ్డోళ్ల మొహాలు, కాళ్లు తెగినోళ్ల మొహాలు! ఇంటికొచ్చి పెళ్లాం మొహానికి అద్దం పట్టాలా?" వసారాలో ఆడవాళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఎలూబీ అత్తగారు తమ్ముడిని కళ్లతోనే కసురుకుంది. లింబాని కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. నిద్ర వదిలిపోయింది అతనికి. ఎనిఫా చూస్తోందని తెలిసి కొంచెం నవ్వబోయాడు, అంతా మనం అనుకున్నట్టే సాగుతోంది అన్నట్టు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఎటో పోయింది. పెళ్లికి ముందు ఇదే మనిషి, కాలేజీ మెట్ల మీద, ఆమె అరచెయ్యి పట్టుకుని ఎముకల పేర్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చెప్పాడు, పరీక్షకు చదువుకోవడానికి. ఇరవై ఏడు ఎముకలు. ఆమె చేతితోనే పరీక్ష ప్యాసయ్యాడు. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్లో పడి ఉంది, సుద్దముక్క పట్టుకునే రెండు వేళ్ల మధ్య పగిలి. గురువారాలు బడి అయ్యాక సామాన్ల గదిలో, గంజి వండే పెద్ద గిన్నెలకీ గాలి పోయిన ఫుట్‌బాళ్లకీ మధ్య కూర్చుని ఈ చేత్తోనే లెక్కలు చేస్తుంది, గంటన్నర, తలుపు లోపలి గడియ వేసుకుని. ఆ గంటన్నరలో ఆమె ఎవరికీ అమ్మ కాదు, ఎవరికీ కోడలు కాదు, డాక్టరు గారి భార్య కాదు. బయటికి వచ్చేటప్పుడు ఒంట్లో నెత్తురు కొత్తగా ఎక్కించినట్టు ఉంటుంది. మాత్రలకంటే అదే పని చేస్తోందని ఆమె నమ్మకం, డాక్టరుకు చెబితే నవ్వుతాడు, నవ్వనీ.

"సరే బావా, మొహాల సంగతి వదిలేద్దాం," అన్నాడు జైలోసి మామ. "మూడోది మటుకు మీ వాణ్నే అడుగుతా. అల్లుడూ, మన యాంఖో ఏ తరగతి?"

ఇది అనుకున్నదే. మెట్టు మీద దీనికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నారు. లింబాని తల వంచుకుని, మామా, ఈ మధ్య ఇంటి పట్టున లేక గమనించలేదు, తప్పయిపోయింది, అనాలి. అంతే. కానీ రెండో ఫిర్యాదు దగ్గర దెబ్బతిన్నవాడు, తన మీద మరీ అన్యాయమైన మాట పడకూడదనుకున్నాడో, లేక పళ్లెం సంగతి విన్నాక ఒక్కటన్నా నిలబెట్టుకోవాలనుకున్నాడో, తల ఎత్తి గట్టిగా చెప్పాడు. "ఒకటో తరగతి మామా. ఎందుకు తెలియదు?"

వంటపాకలోంచి యాంఖో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది, చేతిలో సగం తిన్న కందికాయ. "రెండు నాన్నా! నేను రెండు! అమ్మ క్లాసే!"

తొమ్మిది నెలలుగా ఆ పిల్ల ఆమె క్లాసులోనే ఉంది. మూడో వరసలో, కిటికీ పక్కన. బడిలో మేడమ్ అని పిలవాలి కాబట్టి అలవాటులో ఇంట్లో కూడా ఒక్కోసారి "మేడమ్, ఆకలేస్తోంది" అంటుంది, అప్పుడు లింబాని నవ్వి, మీ అమ్మ అంత కఠినంగా ఉంటుందా ఏమిటి అన్నాడు కూడా. అతను దాన్ని పిల్ల ఆట అనుకున్నాడు. తొమ్మిది నెలలు ఆట అనుకున్నాడు. మనసులో ఏడుపు ఉందని ఎనిఫాకు తెలుసు, అది పిలవకపోయినా వస్తుందని కూడా తెలుసు, అయినా వచ్చింది నవ్వే, పొట్టలోంచి, ఆగకుండా. దాన్ని మింగడానికి పెదవి కొరుక్కుంది. లింబాని మొహం చూశాక ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది. తన చేతి కింద మనిషి పోయిన రోజు ఇంటికొచ్చే మొహం అది. అతను కుర్చీలోంచి లేచాడు, సభలో లేవకూడదు, లేచాడు. "మామా, ఉన్నవన్నీ నిజమే. నాలుగోది కూడా ఉంది, తను రాయలేదు. తనకు రక్తపోటు ఉంది, ఏప్రిల్ నుంచి. నేను డాక్టర్ని. నాకు తెలియదు."

అయిపోయింది. దాన్ని మాత్రం చెప్పకూడదనుకున్నారు, అదొక్కటే ఒట్టు పెట్టుకున్నారు. పక్కనుంచి అమ్మ "అయ్యో నా తల్లే" అని కెవ్వుమని ఎనిఫా తలను ఒళ్లోకి లాక్కుంది, తేయాకూ పొగా కలిసిన అమ్మ గుడ్డ వాసనలో ఊపిరాడలేదు, ఆ చీకట్లోంచి జైలోసి మామ గొంతు వినబడుతోంది, ఇందాకటి నెమ్మది లేదు అందులో. "అయితే ఇంక మాటేముంది. పిల్ల ఇక్కడే ఉంటది. రేపు బస్సెక్కదు. వాళ్లమ్మ ఉంది, తోట ఉంది, చెల్లెలుంది. బడి లేదు, పరీక్షా లేదు. పరీక్షలు ఎక్కడికీ పోవు, పిల్ల పోతే తేగలమా? అల్లుడు ఆయన చదువేదో పూర్తి చేసుకుని, రెండేళ్లు కానీ మూడేళ్లు కానీ, అప్పుడొచ్చి పిలుచుకుపోతాడు." "మంచిమాట," అన్నాడు వైసన్ మామ. పెళ్లినాటి నుంచి ఈ ఇద్దరూ ఒక మాట మీదకు రావడం ఇదే మొదలు. "మంచిమాట. మా వాడికీ తెరిపి."

అమ్మ ఒడిలో చెవి ఒకటి మూసుకుపోయి, రెండో చెవితో వింటూ ఎనిఫా తన ఐదేళ్లు ఎంత సులువుగా, ఎంత ప్రేమగా ఎత్తుకెళ్తున్నారో విన్నది. ఇందులో ఒక్కరు కూడా చెడు కోరలేదు. ఆరు పేపర్లు, తొమ్మిది రోజులు, సామాన్ల గది, గడియ, మూడో వరసలో కిటికీ పక్క పిల్ల, అన్నిటినీ ఒక చాపలా చుట్టి అటక మీద పెట్టేస్తున్నారు. భయం వేసింది, అవును. కానీ భయం కింద ఇంకేదో ఉంది, ఆమెకే వింతగా అనిపించేంత నిలకడగా. నిరుడు చావింట్లో నోట్సు జారిపడ్డప్పుడు అది లేదు. అప్పుడు మళ్లీ కూర్చుంది. కూర్చుంటే ఏమవుతుందో ఇప్పుడు తెలుసు: ఏమీ కాదు, మంచి కోడలివి అంటారు, ఏడు పోతుంది. నేను ఈ చదువు చేయగలను. ఈ పిల్లల్ని పెంచగలను. ఈ నిద్రమొహంవాడిని సర్జన్ని చేయగలను. ఈ మూడూ కలిపి చేయగలను, ఇప్పటిదాకా చేస్తూనే ఉన్నాను. నాలుగోదే, ఈ చుట్టాల సత్రమే, నావల్ల కాదు. ఆ నాలుగోదాన్ని మోసేది నేనేనని వీళ్లెవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గుపడి ఈ నాటకం కట్టాం.

"ఏమంటావు తల్లీ?" అన్నాడు జైలోసి మామ, ఆచారం ప్రకారం.

ఎనిఫా అమ్మ ఒడిలోంచి లేచి కూర్చుంది. తలగుడ్డ సర్దుకుంది. బడిలో వెనక వరస దాకా వినిపించే గొంతు ఆమెకు వేరే తెచ్చుకోనక్కర్లేదు.

"మామా, నేను ఇక్కడ ఉండను. రేపు బస్సెక్కుతాను. పరీక్ష రాస్తాను, ప్యాసవుతాను, నిరుడే అయ్యేదాన్ని. ఆయన మీద చెప్పినవి నిజమే, వాటి సంగతి నేనూ ఆయనా చూసుకుంటాం. నన్ను పడేసింది ఆయన ఒక్కడూ కాదు. మీకు చెప్పడానికి నోరు రాక ఆయన మీద పెట్టాను. ఇవాళ్టి నుంచి పరీక్షలయ్యేదాకా, ఇరవై ఏడో తారీకు దాకా, మా ఇంటికి ఎవరూ రావద్దు. జబ్బు వచ్చినా సరే, చావు వచ్చినా సరే. నా ఇంట్లో చాప పరచను. కుండ పెట్టను. ఎవరి చావుకూ రాను, నా బదులు మీరు ఏడవండి. ఇరవై ఏడు తర్వాత కూడా ముందు అడిగి రండి."

ఆడవాళ్ల చాపల మీద ఎవరిదో గాజు చప్పుడైంది. ఎలూబీ అత్తగారు మెల్లగా మెడ తిప్పింది. ఆమెను ఎవరూ ఇంతవరకూ రావద్దనలేదు, ఏ ఇంట్లోనూ. "నన్ను కూడానా, కోడలా?"

"మిమ్మల్ని కూడా అత్తయ్యా." ఎనిఫా ఆమె వైపే తిరిగి కూర్చుంది. "మిమ్మల్నే ముందు. మీరు పక్కనుంటే నాకు చదవాలనిపించదు. కబుర్లు చెప్పుకోవాలనిపిస్తుంది."

ముసలామె చాలాసేపు చూసింది, కోడలి మొహాన్ని, కళ్ల కింద నలుపును, పగిలిన వేళ్లను. ఇన్నాళ్లూ ఎదురుగా ఉన్నదాన్నే. తర్వాత చితెంజే కొంగు చివర ముడి విప్పడం మొదలుపెట్టింది, ముడి బిగిసి ఉంది, పళ్లతో లాగింది, అందులోంచి ఒక తాళంచెవి తీసి చాప మీద పెట్టింది. చిలోబ్వే ఇంటి తాళంచెవి. "వాడే ఇచ్చాడు, ఆసుపత్రికి వచ్చినప్పుడు గుమ్మంలో కూర్చోవద్దని," అంది, నేరం ఒప్పుకున్నట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. ఎనిఫా దాన్ని చూస్తుండగానే అమ్మ గొణుక్కుంటూ లేచి లోపలికి వెళ్లింది, పిండి డబ్బా వెనక నుంచి ఇంకొకటి, నల్లదారం కట్టినది, తెచ్చి దాని పక్కన పెట్టింది, కూతురి వంక చూడకుండా. జైలోసి మామ దగ్గాడు. తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాడనుకున్నారందరూ. ఆయన కోటు లోపలి జేబు తడుముకుని మూడోది తీశాడు. "పోయినేడు మీ అత్త పళ్లు పీకించుకోవడానికి వచ్చినప్పుడు చేయించాం," అన్నాడు, "ఇరవై ఏడు దాకానేగా తల్లీ?"

లింబాని ఇంకా నిలబడే ఉన్నాడు. అతనికి మాత్రం తీయడానికి ఏమీ లేదు. ఉన్నదొక్కటీ అమ్మకిచ్చేసి, రెండేళ్లుగా డ్యూటీ దిగి వచ్చి తన ఇంటి తలుపు తనే తడుతున్నాడు, లోపల ఎవరుంటే వాళ్లు తీస్తున్నారు. ఎనిఫా చేత్తో నేల ఆనుకుని లేచింది, ఎడమకాలు ఇంకా మొద్దుబారే ఉంది, రెండడుగులు కుంటింది. మూడు తాళంచెవులూ ఏరుకుంది. అందులో అత్తగారిది, కొంగులో వెచ్చబడ్డది, అతని చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇది నువ్వుంచుకో," అంది. "రేపటి నుంచి తలుపు తీసేవాళ్లెవరూ ఉండరు. నేను చదువుకుంటుంటాను."